నీళ్ళు తగలనియ్యొద్దు

2011 అక్టోబరు 12, బుధవారం సాయంత్రం ఆరు దాటాక, జనగామ స్టేషన్ రోడ్డులోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో దేవ్యా తన కుర్చీలోంచి లేచాడు. మరునాడు ఆ కుర్చీలోకి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

పొద్దున మాత్రం రోజూ వచ్చినట్టే వచ్చాడు. షట్టరు నడుము ఎత్తు వరకు లేపి, వంగి లోపలికి దూరాడు. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. షట్టరు పైదాకా లేపితే బందు చేయించేవాళ్ళు వచ్చి దించుతారు. సగం దించి ఉంచితే చూసీ చూడనట్టు పోతారు, ఎందుకంటే వాళ్ళ కరపత్రాలు కూడా ఇక్కడే తయారవుతాయి. టిఫిన్ డబ్బా కిటికీలో పెట్టాడు. అందులో జొన్న రొట్టెలు, మిరపకాయ తొక్కు. కీబోర్డు మీది గుడ్డ తీసి, దులిపి, నాలుగు మడతలు వేసి కుర్చీ మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. ఫ్యాను స్విచ్ వేశాడు. తిరిగింది. కరెంటు ఉందని తెలుసుకోవడానికి అతను వాడే పద్ధతి అది. తర్వాతే కంప్యూటర్ ఆన్ చేశాడు.

దేవ్యాకు యాభై దాటాయి. పొట్టి మనిషి. కళ్ళద్దాలకు ఒకవైపు కాడ విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. కుడి చేతి బొటనవేలి గోరు రెండుగా చీలి పెరిగింది. సీసం అక్షరాలు పేర్చిన చట్రం ఒకటి పాతికేళ్ళ కింద ఆ వేలి మీద పడింది. కొడకండ్ల దగ్గర తండాలో పుట్టాడు. జనగామ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివి తప్పాడు. ఈ ప్రెస్సు యజమాని లక్ష్మీకాంత్ తండ్రి అతన్ని అక్షరాలు కూర్చే పనిలో పెట్టుకున్నాడు. సీసం అక్షరాలు పోయి కంప్యూటర్ వచ్చినప్పుడు, మిగతా కంపోజిటర్లు పని మానేస్తే దేవ్యా ఒక్కడు కూర్చుని నేర్చుకున్నాడు. ప్రెస్సులన్నీ వాడే తెలుగు ఫాంటు ఒకటి ఉంది. అందులో ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడుతుందో అతని వేళ్ళకు తెలుసు. మీటల మీది ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయి చాలా కాలమైంది. అతనికి వాటితో పని పడలేదు.

పెళ్ళి కార్డులు, పెద్దకర్మ కార్డులు, కిరాణా దుకాణాల బిల్లు బుక్కులు. ఇంట్లో భార్య చంద్రితో మాట్లాడేది లంబాడీ. పగలంతా చేతులు కొట్టేది తెలుగు.

ఆ బుధవారం చేయాల్సిన పని కార్డు కాదు. ఒక వెబ్‌సైటు. పల్లెల్లో కంటి ఆపరేషన్లు చేయించే ట్రస్టు ఒకటి మహబూబాబాద్‌లో, ఇక్కడివాళ్ళు మానుకోట అనే ఊళ్ళో, ఉంది. వాళ్ళ వెబ్‌సైటు ఇంగ్లీషులో ఉండేది. చందాలు ఇచ్చేవాళ్ళు అది అన్ని భాషల్లో ఉండాలన్నారు. హైదరాబాద్‌లో సైటు తయారు చేసే శ్రీకర్ అనే కుర్రాడు పేజీ పైన ఒక డబ్బా పెట్టాడు. అది నొక్కితే భాషల పేర్లు కిందికి జారతాయి. తెలుగు నొక్కితే అనువాద యంత్రం ఇంగ్లీషు పేజీని తెలుగులోకి మారుస్తుంది. మార్చిన దాన్ని ఒకసారి సరిచూసి పెట్టమని ట్రస్టులో పనిచేసే ప్రత్యూష ఈ ప్రెస్సుకు పంపింది. ట్రస్టు కరపత్రాలు వేసేది ఇక్కడే.

లక్ష్మీకాంత్ షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"దేవ్యా, మానుకోట మేడం మళ్ళ ఫోన్ చేసింది. ఇయ్యాల పొద్దుమూకె వరకు తెలుగు పేజీ కావాల్నంట. రేపు మహదేవపూర్ల పేషెంట్లను ఇండ్లకు తోలుతున్నరట."

"మిషన్ చేసిచ్చింది చదివినవా సేటూ?"

"చూసిన. తెలుగే గద."

"అక్షరాలు తెలుగే."

లక్ష్మీకాంత్ ఒక ఫోన్ మోగితే మాట్లాడుతూ బయటికి పోయాడు. దేవ్యా తెర వైపు తిరిగాడు.

పేజీ పేరు ఆపరేషన్ తర్వాత తీసుకోవలసిన జాగ్రత్తలు. అందులో మూడో వాక్యం ఇట్లా ఉంది: 'ఆపరేట్ కన్ను నీరు తాకడానికి వీలు చేయండి.'

ఇంగ్లీషు పేజీ తెరిచి పక్కన పెట్టుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాడు. అక్కడ వద్దని ఉంది. ఇక్కడ చేయమని ఉంది.

అతని అక్క సోమ్లీకి అంతకుముందు ఎండాకాలంలో ఇట్లాంటి శిబిరంలోనే కుడి కంటికి ఆపరేషన్ అయింది. వ్యాన్లో ఇంటికి తెచ్చేటప్పుడు జాగ్రత్తలు చెప్పారంటారు. వ్యాన్ చప్పుడులో ఆమె వినలేదు. చేతిలో పెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని గూట్లో దేవుడి పటం వెనక దాచింది. కట్టు విప్పిన మర్నాడు చెంబుతో నీళ్ళు తీసుకుని ముఖం కడిగింది. చీము పట్టింది. వరంగల్ దవాఖానకు పోయేసరికి ఆలస్యమైంది. ఇప్పుడు ఆమె ఎవరితో మాట్లాడినా ముఖం కుడివైపుకు తిప్పుతుంది, ఎడమ కన్ను వాళ్ళకు ఎదురుగా రావడానికి.

యంత్రం ఇచ్చిన వాక్యాలను ఒక్కొక్కటి దిద్దడం మొదలుపెట్టాడు. ఒక మాట మారిస్తే పక్క మాట నిలబడలేదు. క్రియ ముందుకు తెస్తే వాక్యం మొదలు తోక అయింది. పదిన్నరకు కరెంటు పోయింది. యూపీఎస్ కూసింది. అతను సేవ్ చేసేలోగా తెర నల్లబడింది. బొగ్గు గనులు సమ్మెలో ఉన్నాయి, కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో లైన్‌మన్‌కు కూడా తెలియదు. దేవ్యా కుర్చీలోంచి కదల్లేదు. ఫ్యాను రెక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు.

రెక్కలు తిరిగాక మళ్ళీ మొదలుపెట్టాడు. దిద్దినవన్నీ పోయాయి. యంత్రం ఇచ్చినవి మాత్రం ఉన్నాయి.

"నీ యవ్వ," అన్నాడు తెరతో.

ప్రత్యూష ఫోన్ చేసింది.

"దేవ్యన్నా, ఎందాక వచ్చింది?"

"దిద్దుతున్న మేడం. దిద్దుడు కంటె కొత్తగ రాసుడు నయం."

"కొత్తగనే రాయండన్నా, ఇంకా మంచిది. ఇంకోటి. ఆ డబ్బాల లంబాడీ ఉన్నదా? మన పేషెంట్లల సగం మంది తండాలోళ్ళు. నాకు కనిపిస్తలేదు."

దేవ్యా డబ్బా నొక్కి భాషల పేర్లు పైనుంచి కింది దాకా జరిపాడు. ఎప్పుడూ విననివి కూడా ఉన్నాయి.

"లేదు మేడం."

"అయ్యో. మరి మీరు రాస్తరా?"

"ఏ అక్షరాల్ల రాయాలె మేడం? మాకు అక్షరాలు లేవు."

అటువైపు నవ్వింది. తర్వాత తప్పు చేసినట్టు ఆగింది. "సరే అన్నా, తెలుగు కానియ్యండి," అని పెట్టేసింది.

మధ్యాహ్నానికి రాజలింగు వచ్చాడు. సర్కారు బడిలో సారు. నెల రోజులుగా బడి లేదు, చౌరస్తాలో సమ్మె శిబిరం చూసుకుంటున్నాడు. మెడలో గులాబీ కండువా, గొంతు బొంగురు.

"ఏంది దేవ్యా, సమ్మెల పని చేస్తున్నవు? పేరు రాసుకుంటం మల్ల."

"రాసుకోండ్రి సార్. ఆ పేర్లు కంపోజ్ చేసేది గూడ నేనే."

రాజలింగు నవ్వి, జేబులోంచి కాగితం తీశాడు. మర్నాటి రాస్తారోకో కరపత్రం. దేవ్యా దాన్ని తెరకు ఆనించి నిలబెట్టి, చూపు కాగితం మీదనే పెట్టి కొట్టాడు. మీటలు చప్పుడు చేశాయి, ఆగలేదు. రాజలింగు స్టూలు మీద కూర్చుని బీడీ వెలిగించాడు, అది సగం అయ్యేలోగా కరపత్రం అయింది. ప్రింటు చేతికి తీసుకుంటూ తెర మీద పక్కనున్న పేజీ చూశాడు. యంత్రం రాసిన రెండు వాక్యాలు బిగ్గరగా చదివాడు.

"గిది ఎవని తెలుగయ్యా? సినిమాలల్ల మన భాషనొక్కటే ఎక్కిరిస్తరు. గిది అందర్నీ ఎక్కిరిస్తున్నది."

"మిషన్‌ది సార్. ఎవలదీ కాదు."

"మరి నువ్వెందుకు పరేషాన్ అవుతున్నవు? ఏసిందే ఏయి."

"కంట్ల నీళ్ళు పోసుకోమంటున్నది సార్."

రాజలింగు మళ్ళీ చదివాడు. ఈసారి నవ్వలేదు. "జర చూసి రాయి," అని కరపత్రాలు చంకలో పెట్టుకుని వంగి బయటికి పోయాడు.

దేవ్యా యంత్రం రాసింది పక్కకు పెట్టేశాడు. తనకు తెలిసిన ఫాంటులో, తనకు తెలిసిన మీటల మీద పేజీ మొత్తం మొదటి నుంచి రాశాడు. చుక్కల మందు ఎట్లా వేసుకోవాలో, పొయ్యి పొగకు ఎందుకు దూరంగా ఉండాలో, బిందె ఎందుకు ఎత్తొద్దో రాశాడు. ఆపరేషన్ చేసిన కంటికి నీళ్ళు తగలనియ్యొద్దు అని రాసి, ఆ వాక్యాన్ని లావు అక్షరాల్లో పెట్టాడు. ప్రతి రెండు వాక్యాలకూ సేవ్ చేశాడు. రొట్టెలు తినలేదు. నెట్ డాంగిల్ లైటు పచ్చగా మారి, నెట్ అందిన సందు చూసి ఫైలు ప్రత్యూషకు పంపాడు. ఒళ్ళు విరుచుకుని, చేతులు తలమీద పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు మూడు దాటింది.

టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోన్ వచ్చింది.

"అన్నా, ఏం పంపిన్రు? నాకు అన్ని ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, డాలర్ గుర్తులు పడుతున్నయి."

"ఫాంటు లేకపోతె అట్లనే పడుతది మేడం. ఫాంటు ఏసుకోండ్రి. సీడీ పంపిస్త."

"నేను ఏసుకుంట. సైటు చూసేటోళ్ళందరికి పంపిస్తరా అన్నా సీడీ?"

ఇన్నేళ్ళూ దేవ్యా కొట్టింది కాగితం మీదికే పోయింది. కాగితం ఎవరి చేతిలో పెట్టినా అదే అక్షరం కనబడుతుంది. తన కంప్యూటర్‌లో తెలుగుగా కనబడేది ఇంకో కంప్యూటర్‌లో తెలుగు కాదన్న సంగతి చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ప్రత్యూష శ్రీకర్‌ను కూడా ఫోన్‌లో కలిపింది.

"అంకుల్, మీది పాత పద్ధతి. సైటుకు పనికిరాదు. మీ కంప్యూటర్‌లోనే వేరే తెలుగు కీబోర్డు ఉంటది. సెట్టింగ్స్‌లో ఆన్ చేసి కొట్టండి."

"ఆ కీబోర్డు నాకు రాదు బాబూ."

"ఇంగ్లీషు స్పెల్లింగ్ కొడితే తెలుగు వచ్చేది కూడా ఉంది. కాకపోతే నెట్ ఆగకుండా ఉండాలి."

డాంగిల్ లైటు ఎర్రగా ఉంది.

"ఫొటో లెక్క పెట్టరాదా పేజీని?" అని దేవ్యా అడిగాడు.

"ఆ డబ్బా ఫొటోలు తీసుకోదు అంకుల్. మార్చాలంటే రెండు రోజులు పడతది నాకు."

ప్రత్యూష మధ్యలో అందుకుంది. "రేప్పొద్దున్నే మా వాలంటీర్లు భూపాలపల్లి నెట్ సెంటర్ల ప్రింట్ తీసుకొని మహదేవపూర్ పోతరు. ఇగ చేసేదేముంది, మిషన్‌దే ఉండనిద్దాం. నేను వాలంటీర్లకు నోటితో చెప్త అన్నా, నీళ్ళు తగలొద్దని."

"చెప్పింది వ్యాన్లనే ఉంటది మేడం. ఇంటికి పోయేది కాగితమే."

దేవ్యా ఫోన్ భుజానికి ఆనించి, తెర మీద మూడో వాక్యం దాకా పేజీ జరిపాడు.

"ఆ ఒక్కటన్న మారుస్త," అన్నాడు దేవ్యా. "సైటు తెరిచేటిది చెప్పండ్రి."

శ్రీకర్ సైటు పాస్‌వర్డ్ చెప్పాడు. అతను చెప్పినట్టే దేవ్యా సెట్టింగుల్లో వెతికి కొత్త కీబోర్డు ఆన్ చేశాడు. ఏ అక్షరం ఏ మీట మీద ఉందో చూపించే బొమ్మ ఒకటి తెర మీదికి వచ్చింది. అందులో అక్షరాలు మరీ చిన్నవి. కళ్ళద్దాలు తీసి, ముక్కు తెరకు ఆనించి చూశాడు. అతని మీటల మీద ఏ అక్షరమూ లేదు. కాబట్టి బొమ్మలో అక్షరం ఎక్కడుందో చూసి, కీబోర్డులో వరుసలు లెక్కబెట్టి ఆ మీట వెతికి నొక్కాలి. 'ఆ' కోసం వెతికి నొక్కాడు. 'గ' పడింది. చెరిపాడు. మళ్ళీ నొక్కాడు. 'డ' పడింది. వేళ్ళు పాత చోటికే పోతున్నాయి. ఎడమ చేయి వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుని, కుడి చూపుడు వేలు ఒక్కటే వాడాడు.

లక్ష్మీకాంత్ వచ్చి వెనక నిలబడ్డాడు. కొంతసేపు చూశాడు.

"గింతసేపా ఒక్క అక్షరానికి?"

దేవ్యా ఇంకో మీట వెతికి నొక్కాడు.

"దేవ్యా, ఒక మాట. ఇయ్యాలనే చెప్పాలని గాదు. ఫ్లెక్సీ మిషన్ మాట్లాడిన. దీపావళి దాటినంక ఈ అర్రల దించుతరు. దాన్ని నడిపెటోడు దాంతోనే వస్తడు. కార్డులు వరంగల్ పోతున్నయి, గీ సైట్లేమో మిషన్లు చేసుకుంటున్నయి. నువ్వు నెలాఖరు దాకా ఉండు. బాపు పెట్టిన మనిషివని ఇన్నొద్దులు ఎట్లనో గుంజుకొచ్చిన."

"ష ఏడున్నది సేటూ?"

"ఏంది?"

"ష. ఆపరేషన్ల ష. జర బొమ్మల చూసి చెప్పు, నాకు కనిపిస్తలేదు."

లక్ష్మీకాంత్ వంగి తెర మీది బొమ్మలో చూసి చెప్పాడు. దేవ్యా ఆ మీట వెతికి నొక్కాడు. పడింది. లక్ష్మీకాంత్ బయటికి పోయాడు.

ఒకసారి దొరికిన అక్షరం రెండోసారి వెతకాల్సి వస్తోంది. దేవ్యా లేచి, కత్తిరించగా మిగిలిన పెళ్ళి కార్డు అంచులు తీసుకున్నాడు. చిన్న ముక్కలు చేశాడు. దొరికిన అక్షరాన్ని పెన్నుతో ముక్క మీద రాసి, మైదా జిగురు పూసి, ఆ మీట మీద అంటించాడు. తర్వాతి అక్షరం వెతికాడు. ముక్క రాశాడు. అంటించాడు. యంత్రం రాసిన మూడో వాక్యం తెర మీద అట్లాగే ఉంది. దాని కింద అతని వాక్యం ఒక్కో అక్షరమే వస్తోంది. 'కంటికి' దగ్గర సున్నా చాలాసేపు దొరకలేదు. దొరికింది. 'తగలనియ్యొద్దు'లో యకు య వత్తు పడలేదు. ఏ మీట తర్వాత ఏ మీట కొడితే వత్తు వస్తుందో తెలియక య రెండుసార్లు కొట్టి, చెరిపి, శ్రీకర్‌కు ఫోన్ చేశాడు. శ్రీకర్ ఎత్తలేదు. బొమ్మలో ఉన్న మీటలు వరుసగా ఒక్కొక్కటి నొక్కి చూశాడు. వత్తు పడింది. నొక్కినది 'ఆపరేషన్' చివర న్ కోసం ముక్క అంటించిన పొల్లు మీటే.

కరెంటు పోయింది. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది.

డాంగిల్ లైటు పచ్చగా ఉంది. దేవ్యా మూడో వాక్యాన్ని మొత్తం సెలెక్ట్ చేసి చెరిపేశాడు. తన వాక్యం ఆ చోట్లోకి జరిగింది. చివర చుక్క పెట్టాలి. చుక్క మీట వెతకలేదు. పేజీ కింద ఉన్న సేవ్ నొక్కాడు. తెర మధ్యలో గుండ్రం ఒకటి తిరగడం మొదలైంది. యూపీఎస్ కూత దగ్గర దగ్గరగా వచ్చింది. గుండ్రం తిరుగుతూ ఉంది. తెర ఆరింది.

గది చీకటైంది. చౌరస్తా శిబిరం మైకు కూడా ఆగిపోయి ఉంది. తర్వాత లేచాడు. కూర్చున్న గుడ్డ తీసి, మడతలు విప్పి, కీబోర్డు మీద కప్పాడు. కిటికీలోంచి టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. దానిలో రొట్టెలు అట్లాగే ఉన్నాయి. బయట లక్ష్మీకాంత్ పక్క దుకాణం అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పేజీ ఎక్కిందా?"

"తెల్వది."

"రేపు జర తొందరగ రా. రాజలింగు సార్ ఇంకో కరపత్రం ఉన్నదన్నడు."

దేవ్యా షట్టరు కిందికి దించి, తాళం వేసి, తాళం చెవి లక్ష్మీకాంత్ చేతిలో పెట్టాడు. ఆ చెవి ఎప్పుడూ దేవ్యా దగ్గరే ఉండేది. లక్ష్మీకాంత్ దాన్ని చూశాడు, దేవ్యాను చూశాడు. దేవ్యా సైకిల్ స్టాండు తీసి, పట్టాల గేటు వైపు తొక్కుకుంటూ పోయాడు.

మర్నాడు రాజలింగు కరపత్రం చేత్తో రాసి జిరాక్స్ తీయించుకున్నాడు. లక్ష్మీకాంత్ రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ స్విచాఫ్ అని వచ్చింది. ఆ వారంలో కొడకండ్ల నుంచి వచ్చిన ఒక కిరాణా వ్యాపారి, దేవ్యా తండాలో తన భార్య చంద్రితో కలిసి పత్తి ఏరడానికి పోతున్నాడని చెప్పాడు. దీపావళి తర్వాత ఫ్లెక్సీ మిషన్ వచ్చింది.

అక్టోబరు 13న మహదేవపూర్‌లో ఆపరేషన్ అయినవాళ్ళను ఇళ్ళకు పంపేటప్పుడు ట్రస్టు వాలంటీర్లు జాగ్రత్తల కాగితం పంచారు. ఆ పొద్దున భూపాలపల్లిలో వెబ్‌సైటు నుంచి తీసిన ప్రింటు అది. అందులో వాక్యాలన్నీ యంత్రం రాసినవే. మూడోది మాత్రం ఇట్లా ఉంది: 'ఆపరేషన్ చేసిన కంటికి నీళ్ళు తగలనియ్యొద్దు'. చివర చుక్క లేదు.

ఫ్లెక్సీ మిషన్ దించేటప్పుడు పాత కంప్యూటర్‌ను మూలకు జరిపారు. కీబోర్డు మీది గుడ్డ తీస్తే, ఆ ఒక్క వాక్యానికి కావలసిన మీటల మీద పెళ్ళి కార్డు ముక్కలు అంటించి ఉన్నాయి. మిగతా మీటల మీద ఏమీ లేదు.